అచ్చు కాని రెగ్యులేషన్, పడిన జరిమానా: స్కోమా-లుక్స్ కేసు

2004 మే 1న పది దేశాలు ఒకేసారి యూరోపియన్ యూనియన్‌లో చేరాయి. ముందు రోజు దాకా 11 అధికార భాషలతో నడిచిన వ్యవస్థ తెల్లారేసరికి 20 భాషలది అయింది. కొత్తగా చేరిన దేశాలకు వర్తించాల్సిన పాత చట్టాల పోగు సుమారు 80,000 పేజీలు ఉంటుందని లెక్క. దాన్నంతా తొమ్మిది కొత్త భాషల్లోకి అనువాదం చేయించాలి, సరిచూడాలి, యూనియన్ గెజిట్‌కు ప్రత్యేక సంచికలుగా అచ్చు వేయాలి. ఆ పని మే 1 నాటికి పూర్తి కాలేదు. చట్టం వచ్చేసింది, పుస్తకం రాలేదు.

ఆ సందులో ఇరుక్కున్నది చెక్ రిపబ్లిక్‌కు చెందిన స్కోమా-లుక్స్ అనే వైన్ దిగుమతి కంపెనీ. కస్టమ్స్ వాళ్లు వేసిన జరిమానా మీద ఆ కంపెనీ పెట్టిన పేచీ లక్సెంబర్గ్‌లో ఉన్న యూనియన్ కోర్టు, కోర్ట్ ఆఫ్ జస్టిస్ దాకా వెళ్లింది. కేసు నంబర్ సి-161/06. ఆ కోర్టులో ఎక్కువమంది జడ్జీలు కూర్చునే గ్రాండ్ ఛాంబర్ 2007 డిసెంబర్ 11న తీర్పు చెప్పింది. మన దగ్గరి నుంచి యూరప్‌కు మిర్చి, నువ్వులు, రొయ్యలు పంపే కంపెనీలకు నిబంధనల పని చూడటం నా వృత్తి. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల చేత ముందు చదివించేది ఈ కేసే. దేశాలన్నింటి మీదా ఉండే ఒక సంస్థ చేసిన చట్టం సభ్య దేశంలోని మామూలు వ్యాపారి దాకా ఎలా దిగుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది ఇందులో తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలియదు.

రెగ్యులేషన్ అంటే ఏమిటి

మనకు అలవాటైన పద్ధతి వేరు. భారత ప్రభుత్వం బయట ఒక ఒప్పందం మీద సంతకం పెడితే, అది దేశంలో జనం మీద పనిచేయడానికి మామూలుగా పార్లమెంటు చట్టం చేయాలి. రాజ్యాంగంలో 253వ అధికరణం ఉన్నది అందుకే. యూరోపియన్ యూనియన్‌లో డైరెక్టివ్ అనే రకం కొంచెం ఇలాగే ఉంటుంది: సాధించాల్సింది యూనియన్ చెబుతుంది, చట్టం ఎవరి దేశంలో వాళ్లు చేసుకుంటారు.

రెగ్యులేషన్ అలా కాదు. యూనియన్ ఒప్పందంలోని 288వ అధికరణం (ఈ కేసు నాటికి దాని నంబర్ 249) ప్రకారం అది మొత్తంగా కట్టుబడాల్సినది, సభ్య దేశాలన్నింటిలో నేరుగా వర్తించేది. ప్రాగ్‌లో పార్లమెంటు ఓటు వేయక్కర్లేదు, రోమ్‌లో రాష్ట్రపతి సంతకం అక్కర్లేదు. అంతేకాదు, రెగ్యులేషన్‌ను దేశీయ చట్టంలా మళ్లీ రాసుకోవడం కూడా తప్పే. 1973లో ఇటలీ నుంచి వచ్చిన వారియోలా కేసులో కోర్టు ఈ సంగతి గట్టిగా చెప్పింది. ఇటలీ తన చట్టంలోకి దాన్ని కాపీ చేసుకుంటే, అది అసలు ఎక్కడి నుంచి పుట్టిందో చదివేవాడికి తెలియదు. ఎప్పటి నుంచి అమలో తెలియదు. దాన్ని వ్యాఖ్యానించే చివరి మాట లక్సెంబర్గ్ కోర్టుదన్న సంగతీ మరుగున పడుతుంది.

మధ్యలో దేశీయ చట్టం లేకపోతే, దేశీయ గెజిట్ కూడా లేనట్టే. మరి మనిషికి చట్టం తెలిసే దారి ఏది? ఒక్కటే: యూరోపియన్ యూనియన్ అఫీషియల్ జర్నల్. ఒప్పందంలోని 297వ అధికరణం (అప్పట్లో 254) ప్రకారం ప్రతి రెగ్యులేషన్ అందులో రావాలి. తేదీ వేరే చెప్పకపోతే ప్రచురించిన తర్వాత ఇరవయ్యో రోజున అది అమల్లోకి వస్తుంది. ఏ భాషల్లో రావాలన్నది 1958లో చేసిన మొట్టమొదటి రెగ్యులేషన్ చెబుతుంది. యూనియన్‌కు ముందు రూపమైన యూరోపియన్ ఎకనామిక్ కమ్యూనిటీ పుట్టగానే చేసుకున్న ఒకటో నంబర్ చట్టం బొగ్గు గురించీ కాదు, సుంకాల గురించీ కాదు, భాషల గురించి! అప్పుడు నాలుగు భాషలు, ఇప్పుడు 24.

2003 నాటి చేరిక ఒప్పందంలో దీనికి కొనసాగింపుగా 58వ అధికరణం పెట్టారు. చేరికకు ముందు చేసిన చట్టాలకు చెక్, పోలిష్, హంగేరియన్ వగైరా భాషల్లో తయారైన పాఠాలు చేరిన రోజు నుంచి పాత భాషల పాఠాలతో సమానంగా ప్రామాణికం. పాత భాషల్లో అవి జర్నల్‌లో వచ్చి ఉంటే కొత్త భాషల్లోనూ జర్నల్‌లో రావాలి. రాకపోతే ఏమవుతుందో మాత్రం ఎవరూ రాయలేదు.

ఒలొమౌట్స్‌లో జరిగింది

స్కోమా-లుక్స్ ఒక ఎర్ర డిజర్ట్ వైన్ దిగుమతి చేసుకుంది. 2004లో దాఖలు చేసిన డిక్లరేషన్లలో సరుకు స్వభావాన్ని, టారిఫ్ కోడ్‌ను (సుంకం ఎంతో తేల్చే సరుకు నంబర్) తప్పుగా చూపి సుంకం తక్కువ కట్టిందన్నది చెక్ నగరం ఒలొమౌట్స్‌లోని కస్టమ్స్ డైరెక్టరేట్ ఆరోపణ. జరిమానా వేసింది. దానికి ఆధారం యూనియన్ పాలనా విభాగమైన యూరోపియన్ కమిషన్ చేసిన 2454/93 నంబర్ రెగ్యులేషన్. అప్పటి కస్టమ్స్ కోడ్‌ను అమలుచేసిన లావుపాటి నిబంధనావళి అది. అందులో 199వ అధికరణం డిక్లరేషన్ మీద సంతకం పెట్టినవాడే అందులోని వివరాల నిజానికి బాధ్యుడని చెప్పేది. కస్టమ్స్ పని తెలిసిన ఎవరికీ ఇందులో వింత కనపడదు. కొచ్చిన్‌లోనైనా విశాఖలోనైనా బాధ్యత అలాగే ఉంటుంది.

వైన్ ఏ కోడ్ కిందికి వస్తుందన్నది కంపెనీ పట్టుకున్న ప్రధానమైన పాయింట్ కాదు. సరుకు దిగిన నాటికి 2454/93 చెక్ భాషలో అఫీషియల్ జర్నల్‌లో రాలేదు కాబట్టి దాన్ని చూపించి మా మీద జరిమానా వేయలేరు అంది.

కస్టమ్స్ వాళ్ల జవాబు చదివితే ఎవరికైనా సబబుగానే తోస్తుంది. ఇది ఏళ్ల తరబడి అంతర్జాతీయ వ్యాపారం చేస్తున్న కంపెనీ, చిల్లర కొట్టు కాదు. డిక్లరేషన్‌లో నిజం చెప్పాలన్న సంగతి తెలియదంటే నమ్మేదెవరు? పైగా చెక్ అనువాదం ఇంటర్నెట్‌లో ఉంది: చెక్ ప్రభుత్వ సైట్‌లోనూ, యూనియన్ చట్టాల సైట్ యూర్‌లెక్స్‌లోనూ. కావాలనుకుంటే చదువుకునేదే కదా!

చెక్ రిపబ్లిక్‌లోని ఒస్ట్రావా ప్రాంతీయ కోర్టు తేల్చలేక 2006లో లక్సెంబర్గ్‌కు ప్రశ్నలు పంపింది. అర్థం చెప్పమని జాతీయ కోర్టు అడగడం, అక్కడ చెప్పిన అర్థంతో ఇక్కడ కేసు తేల్చుకోవడం, ఇదే వాళ్ల పద్ధతి. అప్పీలు కాదు. మొదటి ప్రశ్న సూటిగా ఉంది: అమలు నాటికి మా భాషలో జర్నల్‌లో రాని రెగ్యులేషన్‌ను ఒక వ్యక్తి మీద ప్రయోగించవచ్చా? రెండో ప్రశ్న వకీళ్లకు మాత్రమే తట్టేది. ప్రయోగించకూడదంటే అది రెగ్యులేషన్ చెల్లుబాటుకు సంబంధించిన సంగతా, వ్యాఖ్యానానికి సంబంధించిన సంగతా?

కోర్టు ఏమంది

ప్రయోగించకూడదు అంది. వేరే మార్గాల్లో ఆ వ్యక్తి తెలుసుకోగలిగి ఉన్నా సరే, కూడదు అంది. తీర్పులో నాకు అన్నిటికన్నా గట్టిగా అనిపించేది ఈ ‘సరే’యే. తెలుసా తెలియదా అని ఒక్కొక్క వ్యాపారి బుర్రలోకి తొంగిచూసే పని కోర్టు పెట్టుకోలేదు. పెట్టుకుంటే పెద్ద కంపెనీకి ఒక చట్టం, చిన్న కంపెనీకి ఒక చట్టం అయ్యేది. ఇంగ్లీషో జర్మనో వచ్చినవాడికి జరిమానా, రానివాడికి మినహాయింపు అయ్యేది.

యూర్‌లెక్స్ మీద కోర్టు మాట ఇప్పుడు చదివితే పాతకాలంగా కనిపించవచ్చు కానీ తర్కం పాతబడలేదు. చట్టం ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, జనం చూస్తున్నారు, నిజమే. కానీ ఎలక్ట్రానిక్ ప్రతిని అధికారిక ప్రచురణగా గుర్తించే నియమం ఏదీ యూనియన్ చట్టంలో లేనప్పుడు, సైట్‌లో పెట్టడం ప్రచురించడంతో సమానం కాదు.

దీనికి ఎదురుగా వచ్చే పెద్ద వాదన ఆచరణ గురించి. చట్టం అన్ని దేశాల్లో ఒకేలా, ఒకే రోజు నుంచి అమలు కావాలి కదా, అనువాదం ఆలస్యమైందని పది దేశాల్లో సుంకాల నిబంధనలు ఆపేస్తామా? కోర్టు దీనికి రెండు మాటల్లో జవాబు చెప్పింది. పాత దేశాల వ్యాపారులు తమ భాషలో చట్టం చదువుకుని నడుచుకున్నారు. కొత్త దేశాల వాళ్లకు ఆ వీలు ఇవ్వకుండా అవే బాధ్యతలు మోపితే సమానత్వం ఎక్కడుంది? రెండోది, చేరిక రోజుకల్లా చట్టాలన్నీ అన్ని భాషల్లో సిద్ధం చేయలేకపోయింది యూనియన్ యంత్రాంగం. ఆ వైఫల్యం బరువు వ్యక్తుల నెత్తిన పెట్టడం కుదరదు.

ఇక ఆ రెండో ప్రశ్న. ఇది వ్యాఖ్యానమే, చెల్లుబాటు కాదు అని తేల్చింది. వినడానికి ఉత్త మాటల మెలికలా ఉంటుంది కానీ అసలు పనితనమంతా ఇక్కడే ఉంది. రెగ్యులేషన్ చెల్లదని ఉంటే 27 దేశాల్లో పునాదులు కదిలేవి. చెల్లుతుంది, కానీ చెక్ రిపబ్లిక్‌లో వ్యక్తుల మీద బాధ్యతలు మోపడానికి పనికిరాదు. అదే సమయంలో చెక్ ప్రభుత్వం మాత్రం చేరిన రోజు నుంచి దానికి కట్టుబడే ఉంటుంది. మా భాషలో రాలేదు కాబట్టి మేం పాటించం అని ప్రభుత్వం అనడానికి లేదు. ఎందుకంటే ఒప్పందం మీద సంతకం పెట్టింది అదే, చట్టాలన్నీ చూసి ఒప్పుకుని చేరిందీ అదే. ఒకే కాగితం ఒకే రోజున ప్రభుత్వాన్ని కట్టేస్తుంది, పౌరుణ్ని కట్టదు.

చివరగా, తీర్పు వెనక్కి ఎంత దూరం పాకుతుంది అన్నది మిగిలింది. ఆ మధ్య కాలంలో కస్టమ్స్, వ్యవసాయ రుసుముల మీద వేల నిర్ణయాలు జరిగి ఉంటాయి. దేశీయ చట్టం ప్రకారం గడువులు దాటి అంతిమమైపోయిన నిర్ణయాలను సభ్య దేశాలు తిరగదోడక్కర్లేదని కోర్టు చెప్పింది. బలవంతపు చర్య ఏదైనా ప్రాథమిక హక్కులను మరీ దెబ్బతీసి ఉంటే తప్ప. అంటే టైముకి అప్పీలు పెట్టుకున్నవాడు బతికాడు, నోరు మూసుకుని కట్టినవాడు కట్టినట్టే. న్యాయమా అంటే పూర్తిగా కాదు. కానీ నేను క్లయింట్లకు చెప్పే మాట ఒకటుంది. చిన్న జరిమానా అయినా సరే, దాన్ని ‘అభ్యంతరంతో కడుతున్నాం’ అని రాసి, గడువులోపు అప్పీలు వేయండి. ఎక్కడో ఇంకెవరో గెలిచినప్పుడు ఆ గెలుపు మీ దాకా రావాలంటే మీ ఫైలు తెరిచి ఉండాలి.

ఈ సూత్రం ఎక్కడిదాకా సాగుతుంది

రెండేళ్లు తిరగకుండానే ఇంకో కేసులో కోర్టు ఒక అడుగు ముందుకు వేసింది. 2005లో వియన్నా విమానాశ్రయంలో ఒక ప్రయాణికుడి క్యాబిన్ బ్యాగులో టెన్నిస్ రాకెట్లు ఉన్నాయని అతణ్ని విమానం నుంచి దింపేశారు. నిషేధిత వస్తువుల జాబితా విమాన భద్రత రెగ్యులేషన్‌కు అనుబంధం. ఆ అనుబంధాన్ని భద్రత పేరు చెప్పి ఏ భాషలోనూ ప్రచురించలేదు. అతను ఏం తీసుకెళ్లకూడదో అతనికే చెప్పరన్నమాట! ప్రచురించని అనుబంధం వ్యక్తుల మీద బాధ్యత మోపేంతవరకు దానికి కట్టుబాటు శక్తి లేదని 2009 మార్చి 10న తేల్చారు. స్కోమా-లుక్స్‌లో ఒక భాష ప్రతి లేదు, ఇక్కడ అసలు ప్రతే లేదు.

అయితే దీన్ని ప్రతి కాగితానికీ సాగదీయలేం. టెలికాం మార్కెట్ విశ్లేషణ మీద కమిషన్ ఇచ్చిన మార్గదర్శకాలు పోలిష్‌లో రాలేదు కాబట్టి పోలండ్ నియంత్రణ సంస్థ వాటిని తనకు వ్యతిరేకంగా వాడకూడదని ఒక టెలికాం కంపెనీ వాదించింది. 2011లో కోర్టు ఒప్పుకోలేదు. మార్గదర్శకాలు కంపెనీ మీద నేరుగా ఏ బాధ్యతా పెట్టవు, నియంత్రణ సంస్థ ఆలోచించే తీరు చెబుతాయి, అంతే. కాబట్టి ఎవరైనా నా ముందు ఒక యూరోపియన్ కాగితం పెట్టి ఇది ప్రచురించలేదు అంటే నేను ముందు అడిగేది, ఇది ఎవరితో ‘చెయ్యి’ అంటోంది అని. క్లయింటుతో అనకపోతే స్కోమా-లుక్స్ పేరు ఎత్తడం దండగ.

ప్రచురించిన రోజు ఏది అన్న తగాదా ఇంకా పాతది. అదీ వైన్ దిగుమతి మీదే వచ్చింది! 1979 నాటి రాకే కేసులో, జర్నల్ సంచిక మీద వేసిన తేదీనే ప్రచురణ తేదీగా తీసుకుంటామని, కానీ ఆ సంచిక నిజంగా అందుబాటులోకి వచ్చింది తర్వాత అని రుజువైతే ఆ అసలు తేదీనే లెక్కలోకి తీసుకుంటామని కోర్టు చెప్పింది.

మన సుప్రీంకోర్టు కూడా ఇదే దారిలో నడిచింది, అదీ లక్సెంబర్గ్ కోర్టు పుట్టకముందే. 1951లో హర్లా కేసు. జైపూర్ సంస్థానంలో మంత్రిమండలి ఒక తీర్మానంతో నల్లమందు చట్టం చేసింది, ఎక్కడా ప్రచురించలేదు. దాని కింద ఒకతనికి 50 రూపాయల జరిమానా పడింది. తెలియజేయని చట్టంతో మనిషిని శిక్షించడం సహజ న్యాయానికి విరుద్ధమని జస్టిస్ వివియన్ బోస్ రాసిన తీర్పు ఆ శిక్షను కొట్టేసింది. ఆ మంత్రిమండలి తీర్మానం తేదీ 1923 డిసెంబర్ 11, స్కోమా-లుక్స్ తీర్పూ డిసెంబర్ 11నే. ఇందులో అర్థమేమీ లేదు, క్లాసులో చెబితే పిల్లలకు గుర్తుంటుందంతే.

2020లో ఛథా రైస్ మిల్స్ కేసు ఇంకా పదునైనది. పాకిస్తాన్ సరుకు మీద 200 శాతం సుంకం వేసే నోటిఫికేషన్‌ను 2019 ఫిబ్రవరి 16 రాత్రి 8 గంటల 46 నిమిషాల 58 సెకన్లకు ఈ-గెజిట్‌లో పెట్టారు. ఆ రోజే అంతకు ముందు బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకు డిక్లరేషన్) దాఖలు చేసిన దిగుమతిదారుల మీద కూడా పెంచిన సుంకం వేయాలని కస్టమ్స్ పట్టుబట్టింది. రోజు మొదలైన క్షణం నుంచి కాదు, అప్‌లోడ్ చేసిన క్షణం నుంచే అని సుప్రీంకోర్టు చెప్పింది. కాగితపు గెజిట్ కాలంలో రోజు లెక్క సరిపోయేది. ఇప్పుడు సెకన్ల దాకా వచ్చింది.

యూరోపియన్ యూనియన్ కూడా కాగితాన్ని వదిలేసింది. 216/2013 రెగ్యులేషన్‌తో 2013 జులై 1 నుంచి అఫీషియల్ జర్నల్ ఎలక్ట్రానిక్ సంచికే ప్రామాణికం. స్కోమా-లుక్స్‌లో కోర్టు ‘నియమం లేదు’ అన్న చోట ఆరేళ్లు తిరగకుండా నియమం వచ్చింది. 2023 అక్టోబర్ 1 నుంచి సంచికలు కూడా పోయి, ఒక్కో చట్టం విడివిడిగా వస్తోంది. దాంతో ఆ చెక్ కంపెనీకి దొరికిన సందు ఇప్పుడు చాలా మటుకు మూసుకుపోయినట్టే. అయినా ఆ తీర్పు చదివించడానికి నాకున్న కారణం వేరే ఉంది.

గుంటూరులో దీనితో పనేమిటి

యూరప్‌కు సరుకు పంపేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది: ఈ రెగ్యులేషన్ మాకు ఎవరూ పంపలేదు, మా భాషలో లేదు, మాకు ఎలా వర్తిస్తుంది? స్కోమా-లుక్స్ గురించి ఎవరో చెబితే ఇంకా ధైర్యంగా అడుగుతారు. ఆ వాదన ఇక్కడ నిలబడదు. ఆ హక్కు సభ్య దేశంలోని వ్యక్తికి, ఆ దేశపు అధికార భాష విషయంలో. 24 భాషల్లో తెలుగు లేదు, హిందీ లేదు. ఇంగ్లీషు ఐర్లండ్, మాల్టాల పుణ్యమా అని ఉంది. అసలు సంగతి, రెగ్యులేషన్ గుంటూరు కోల్డ్ స్టోరేజీలో ఉన్న మిర్చి మీద వర్తించదు. రోటర్‌డామ్‌లో ఆ మిర్చిని దిగుమతి చేసుకునేవాడి మీద వర్తిస్తుంది. వాడి సరుకు ఆగుతుంది, వాడు కాంట్రాక్టు చూపించి నష్టం మన వైపు తోస్తాడు. చట్టం యూనియన్ సరిహద్దు దగ్గర ఆగిపోతుంది, బిల్లు మాత్రం గుంటూరు దాకా వస్తుంది.

అందుకే తేదీలు చదవడం నేర్పుతాను. ప్రతి రెగ్యులేషన్ చివర ఉండే అధికరణంలో రెండు తేదీలు ఉండవచ్చు: అమల్లోకి వచ్చేది, వర్తించేది. హైదరాబాద్ ఐటీ వాళ్లకు బాగా తెలిసిన జీడీపీఆర్ (వ్యక్తిగత డేటా రక్షణ రెగ్యులేషన్) 2016 మే 4న జర్నల్‌లో వచ్చింది, ఇరవయ్యో రోజు లెక్కన మే 24న అమల్లోకి వచ్చింది, వర్తించడం 2018 మే 25 నుంచి. రెండేళ్లు టైమిచ్చారు. ఆహార భద్రతలో అంత తీరిక ఉండదు. మన నువ్వుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ అనే క్రిములను చంపే వాయువు అవశేషాలు దొరికినప్పుడు 2020/1540 రెగ్యులేషన్ తెచ్చి, 50 శాతం కన్సైన్‌మెంట్లు తనిఖీ చేయాలన్నారు. అది 2020 అక్టోబర్ 26 నుంచి అమలైంది. ప్రచురణకూ అమలుకూ మధ్య రోజులే ఉన్నాయి, వారాలు లేవు. అప్పటికే సముద్రం మీద ఉన్న కంటైనర్ల గురించి ఎగుమతిదారులకు పట్టుకున్న టెన్షన్ ఊహించుకోవచ్చు.

రకం కూడా చూడాలి. 2016లో మన రొయ్యల తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది రెగ్యులేషన్ కాదు, 2016/1774 నంబర్ డెసిషన్. అది సభ్య దేశాలను ఉద్దేశించింది: మీ సరిహద్దుల్లో ఇంత మేర శాంపిళ్లు తీయండి అని. భీమవరం నుంచి పంపేవాడికి ఫలితం ఒకటే అనిపిస్తుంది. కానీ కేసు వేయాల్సి వస్తే ఎవరి మీద, ఎక్కడ, ఎవరు వేయాలన్నది ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

కొత్త కాంట్రాక్టులు రాసేటప్పుడు నేను పట్టుబట్టి పెట్టించే క్లాజు ఒకటుంది. ‘యూరోపియన్ యూనియన్ నిబంధనలకు లోబడి’ అనే గాలివాటు మాట కొట్టేయించి, ‘బిల్ ఆఫ్ లేడింగ్ తేదీ నాటికి అఫీషియల్ జర్నల్‌లో ప్రచురితమై ఉన్న నిబంధనలకు’ అని రాయిస్తాను (సరుకు ఓడ ఎక్కించుకున్నట్టు ఇచ్చే రసీదే బిల్ ఆఫ్ లేడింగ్). సరుకు ఓడ ఎక్కిన తర్వాత ప్రచురించిన నిబంధన వల్ల వచ్చే నష్టం కొనేవాడిది. కొనేవాళ్లలో కొందరు ఒప్పుకోరు, సగం సగం అంటారు. సగానికి ఒప్పించినా మేలే.